సూర్నారాయణ మావ పేరు చెప్పని రోజు

పక్క వీధిలో పెళ్లి. సాయంత్రం నుంచి ఆర్కెస్ట్రా వాయిస్తున్నారు. పాట మా ఇంటిదాకా రావడం లేదు. బేస్ గిటార్ ఒక్కటే గోడ దాటుకుని వస్తోంది. బల్లమీది స్టీలు గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. మా ఆవిడ విసుక్కుంటూ లేచి కిటికీ మూసింది. కిటికీ మూస్తే బేస్ ఆగదు. ఆ మాట చెబితే నీకెలా తెలుసంటుంది. అప్పుడు సూర్నారాయణ మావ గురించి మొదలుపెట్టాలి, మొదలుపెడితే నా నిర్వాకం దాకా రావాలి. ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగాను. ఇక రాసేస్తాను.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. విజయనగరంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. స్నేహితులు నలుగురు కలిసి బ్యాండ్ పెట్టారు. బేస్ వాయించేవాడొక్కడే తక్కువయ్యాడు. నాలుగే తీగలు కదా, వారంలో వచ్చేస్తుందని నేను ముందుకు దూకాను. అంతకుముందు ఏ గిటారూ ముట్టుకున్న పాపాన పోలేదు. పాతదొకటి కొని ఇంటికి తెచ్చి మీటితే దోమ పాడినంత చప్పుడు కూడా రాలేదు. పాడైపోయినదాన్ని అంటగట్టాడని షాపువాడి మీదికి వెళ్లి నానా మాటలూ అన్నాను. దీనికి చప్పుడు పెంచే ఆంప్ పెట్టె తగిలించాలని కూడా తెలియదు నాకు! అతను కడుపుబ్బ నవ్వి, నెల్లిమర్లలో సూర్నారాయణ అనే పెద్దాయన ఉన్నాడు, ముందు అక్కడికి వెళ్లమన్నాడు.

సూర్నారాయణ మావ జూట్ మిల్లులో పనిచేసి మానేసినవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గళ్ల లుంగీలో ఉండేవాడు. ముప్పై ఏళ్లపాటు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాడు. అంతకుముందు, కుర్రతనంలో, తప్పెటగుళ్ల జట్టులో ఆడేవాడట. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ల గజ్జెలు ఘల్లుమంటుంటే గుండ్రంగా తిరుగుతూ వాయించే ఆట అది. మొదటి ఆదివారం నా గిటారు తీసి మంచం మీద పడేసి, నా కుడికాలికి గజ్జెలు కట్టాడు.

"ఏళ్లకి తొందరెక్కువరా. ముందు కాలు నేరిస్తే, ఏలు దానెనకాల అదే వస్తాది," అన్నాడు.

నెల రోజులు వాకిట్లో అడుగులే. ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, గజ్జెల కాలితో నేల తన్నుతుంటే గోడమీంచి వీధి వీధంతా చూసేది. ఆఫీసరుగారు గంతులేస్తున్నాడని ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఆయన భార్యని అత్తా అని పిలిచేవాణ్ణి. ఆవిడ రాగులతో కాచిన చోడి అంబలి ఇస్తే తలొంచుకుని తాగేవాణ్ణి. తర్వాత రెండు నెలలు రెండే తీగలు. వేళ్లు బొబ్బలెక్కాయి. కాస్త చేయి తిరిగాక నేను హడావిడిగా ఏదో మీటబోతే తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేసేవాడు. కనపడాలని ఉంటే పోయి పాట నేర్చుకో, ఇది కనపడే పని కాదనేవాడు.

పాఠం మొదలయ్యే ముందు ఆయనకొక పట్టింపు ఉండేది. వంగి నేలని తాకి, "మా గురువు రాములప్పడికి దండం" అని పైకి చెప్పేవాడు. నాచేతా చెప్పించేవాడు. నేర్పినవాడి పేరు చెప్పకుండా వాళ్ల జట్టులో ఎవరూ తప్పెట ముట్టేవారు కారట. ఒకసారి తన ఆర్కెస్ట్రా రోజుల గురించి చెబుతూ నవ్వాడు. మైకులో పాటగాళ్ల పేర్లు, కీబోర్డు ఆయన పేరు అన్నీ చదివేవారట. తనదాకా వచ్చేసరికి పాట మొదలైపోయేదట.

"నువ్వు స్టేజీ ఎక్కినరోజున మా గురువు పేరొద్దురా. నా పేరు సెప్పు. మైకులో ఒక్కపాలి ఇంటాను."

చెబుతానన్నాను. నా నోటితోనే అన్నాను.

ఏడాది తిరక్కుండా శ్రీకాకుళంలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలుపొచ్చింది. మావ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికే వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. అప్పటికే నేను స్నేహితులకి సొంతంగా నేర్చుకున్నానని కోతలు కోసేశాను. మిల్లులో పనిచేసిన ముసలాయన గజ్జెలు కట్టి నేర్పాడంటే నవ్వరా? ముందు వరసలో మా ఆఫీసరు కూడా ఉన్నాడు. యాంకరమ్మాయి మైకు నా మూతి దగ్గర పెట్టి, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగింది. మావ కుర్చీలో ముందుకి జరిగి చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. నేను చూశాను. చూసే అన్నాను.

"ఎవరూ లేరండీ. ఫోన్లో వీడియోలు చూసి నేనే నేర్చుకున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టాడు.

అయ్యాక స్టేజీ వెనక్కి వచ్చాడు. ఎవర్రా ఈయన అని మా డ్రమ్మరు అడిగాడు. అప్పుడైనా దిద్దుకోవచ్చు. ఆంప్ మొయ్యడానికి వచ్చాడని చెప్పాను. ఆయనకి వినపడలేదేమోనని ఒక్క క్షణం ఆశ. ఆయన కిందికి వంగి ఆంప్ భుజానికెత్తుకున్నాడు. గేటు దాకా మోసి ఆటోలో పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"బాగా వాయించారు బాబూ," అన్నాడు.

అన్నాళ్లూ ఒరే అన్న నోరు. ఆ ఒక్క మాటతో నన్ను వీధిలో నిలబెట్టేశాడు.

నాలుగు ఆదివారాలు మొహం చెల్లక వెళ్లలేదు. అయిదో వారం వెళితే ఎప్పటిలాగే కూర్చోబెట్టి నేర్పాడు. నేల తాకలేదు, దండం చెప్పలేదు, నన్ను చెప్పమనలేదు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చేసరికి "తీగలు సూసుకోండి" అన్నాడు. తర్వాత ఏడాదిన్నర ఉన్నాడాయన. ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి కనక, ఆ మాట మళ్లీ ఎత్తే ధైర్యం నాకు చాలలేదు.

ఆయన పోయిన పదోరోజున వెళ్లాను. అత్త నన్ను చుట్టాలకి చూపించింది.

"ఈ బాబేనర్రా. ఇజీనారం ఆపీసులో బాబు నా శిష్యుడని మిల్లు గేటుకాడ, సంతకాడ, ఎవులు కనపడితే ఆలకి సెప్పుకునేవోడు మీ మావ."

కాలేజీ ఫంక్షన్ తర్వాత కూడానా అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఆ తరవాత మరీని. నువ్వు మాటాడిన వీడియో ఈది పిల్లల ఫోన్లలో తిరిగింది గదా. ఎవరూ నేర్పనేదని ఆ బాబే సెప్తంటే నీ కోతలేటి ముసిలోడా అని అందరూ నవ్వీవోళ్లు. అయినా ఊరుకునేవోడు కాదు, నానే నేర్పానని ఆలతో దెబ్బలాడీవోడు."

అది విన్నాక అక్కడ కూర్చోలేకపోయాను. ఆయన పేరు దాచానన్న సిగ్గు ఒక్కటే అంతవరకూ మోశాను. నా అబద్ధం ఆయన్ని సొంత వీధిలో కోతలరాయుణ్ణి చేసిందని తెలియదు. అక్కడున్న పదిమందిలో లేచి నిజం చెప్పాల్సింది. చెప్పులేసుకుని వచ్చేశాను. ఇది నెల్లిమర్లలో ఎవరైనా చదువుతారో లేదో తెలియదు. చదివితే ఆ వీధిలో చెప్పండి. సూర్నారాయణ మావ కోతలు కొయ్యలేదు. నాకు నేర్పింది ఆయనే.