కొచ్చి రేవులో దిగిపోయిన తమ్ముడు

కరోనా తర్వాత విహార నౌకలు మళ్లీ సముద్రంలోకి వచ్చిన తొలి రోజుల్లో, ముంబైలో బయలుదేరి కొచ్చి, గోవా మీదుగా మళ్లీ ముంబై చేరే ఒక నౌకకు నన్ను రెస్టారెంట్ మేనేజర్‌గా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. అంతకు ముందంతా విదేశీ మార్గాల్లోనే పనిచేశాను. సహాయ వెయిటరుగా చేరి, వెయిటరు, హెడ్ వెయిటరు మెట్లెక్కి అక్కడిదాకా వచ్చినవాణ్ణి. ఓడలో రెస్టారెంట్ మేనేజరు పైన హోటల్ డైరెక్టరు ఉంటాడు. ఓడను నడపడం తప్ప ప్రయాణికులకు సంబంధించిన సమస్తం ఆయన చేతి కిందే జరుగుతుంది.

రిటైరై సొంత ఊరు బాన్సువాడలో స్థిరపడ్డాక, ఓడ టికెట్లు చేసుకున్నవాళ్లు ఎవరో ఒకరు నన్ను వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. "అన్నా, గా ఓడల ఏం జూడాలె, ఏం దినాలె?" అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. అయితే ఆ చెప్పేదాంట్లో ముఖ్యమైనది నాకు అన్నేళ్ల విదేశీ మార్గాల్లో తెలియలేదు. ఆ చివరి పోస్టింగులో, మా ఊరి పక్కనున్న బీర్కూర్ నుంచి వచ్చిన ఒక అక్క, ఆమె అన్నాదమ్ముల వల్ల తెలిసింది.

ఎక్కే రోజు ఓడంతా గందరగోళంగా ఉంటుంది. సామాన్లు గదులకు చేరడానికి సాయంత్రం అవుతుంది. అందుకే మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలో పెట్టుకోవాలి. అందరూ పై అంతస్తులో బఫే దగ్గర పళ్లేలు పట్టుకుని నిలబడతారు. అదే సమయంలో కింద పెద్ద భోజనశాల దాదాపు ఖాళీగా ఉంటుందని, అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారని చాలామందికి తెలియదు. ఆ రోజు తెలియకుండానే కిందికి వచ్చినవాళ్లు ఈ ముగ్గురు. తెల్లచీర కొంగు నడుముకు చెక్కుకున్న పెద్దావిడ ముందు నడుస్తోంది. వెనక చెరో పక్కా ఇద్దరు మగవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వస్తున్నారు.

ఆమె మాట వినగానే ఎక్కడివాళ్లో తెలిసిపోయింది. మాది బాన్సువాడ అని చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. పేరు సాయమ్మ. పెద్దాయన గంగారాం ఆమె అన్న, చిన్నాయన విఠల్ తమ్ముడు. ఇద్దరూ బీర్కూర్‌లో వరి, చెరుకు పండించే రైతులు. సాయమ్మక్కకు అంతకు ముందు ఏడాది గుండె ఆపరేషన్ జరిగింది. కోలుకున్నాక, సముద్రం చూడాలని ఉందని, అన్నాతమ్ముడూ ఇద్దరూ వెంట రావాలని పట్టుబట్టింది. హైదరాబాద్‌లో ఉండే ఆమె బిడ్డ టికెట్లు చేసింది. వదినా మరదళ్లు నీళ్లంటే భయమని రాలేదు.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, గీళ్లిద్దరు మాట్లాడుకోక ఏండ్లయితున్నది. నా ఆపరేషన్‌కు గూడ ఒకలు పొద్దుగాల వస్తే ఒకలు మాపటికి వచ్చిండ్రు. నువ్వు ఇద్దర్ని ఒక్క బల్లకే కూసోబెట్టు" అంది.

తగవు నీళ్లది. పొలాలు పంచుకున్నప్పుడు అన్నకు కాలువ తూము దగ్గరి మడి వచ్చింది, తమ్ముడికి చివరి మడి. నీళ్లు తక్కువ వదిలిన ఒక ఏడు అన్న మడి నిండింది, తమ్ముడి వరి పొట్ట మీద ఉండగా ఎండిపోయింది. ఆ రోజు అనుకున్న మాటలు అనుకున్నారు. మళ్లీ మాట్లాడుకోలేదు.

కాసేపటికి గంగారాం కూడా విడిగా వచ్చి, తనకు వేరే బల్ల ఇవ్వమన్నాడు. మా దగ్గర రాత్రి భోజనానికి బల్లలు ప్రయాణం పొడవునా మారవు. అదే బల్ల, అదే వెయిటరు. గది నంబరును బట్టి బల్ల కేటాయిస్తాం. ఒక గదివాళ్లను విడదీయకూడదన్నది నియమం. వాళ్లు ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు. మూడో మంచం గోడలోంచి కిందికి వాల్చేది. అందుకే బల్ల మార్చలేనని చెప్పాను. "మంచిది తియ్" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆ బల్ల దగ్గర సాయమ్మక్క మధ్యలో కూర్చుంది. ఉప్పు కావాలంటే గంగారాం ఆమెకే చెప్పేవాడు. ఆమె తమ్ముడి వైపు తిరిగేది. ఆయన ఉప్పుడబ్బా ఆమె చేతికిచ్చేవాడు. అన్నం, పప్పు, కారం ఏదైనా కావాలంటే ముందురోజు సాయంత్రమే వెయిటరుకు చెబితే వంటవాళ్లు చేసిపెడతారని వాళ్లకు చెప్పాను. ఇది ఓడ ఎక్కే మనవాళ్లెవరికైనా పనికొచ్చే మాట. అక్కడికక్కడ అడిగితే దొరకదు. ముందు చెబితే దొరకనిది తక్కువ. మర్నాడు వేడి అన్నం, టమాటా పప్పు వచ్చేసరికి ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు. మాట మాత్రం లేదు.

గంగారాం ఓడలో ఒక్కటీ వదలకూడదన్న పట్టుదలతో ఉన్నాడు. పొద్దున యోగా, తర్వాత మ్యాజిక్, మధ్యాహ్నం పాటల పోటీ, సాయంత్రం నాటకం. చెల్లెల్ని వెంటబెట్టుకుని అంతస్తులు ఎక్కుతూ దిగుతూ తిరిగాడు. ఆమె ఆయాసపడుతున్నా కాదనలేక తిరిగింది. విఠల్ డెక్ మీద కుర్చీ వేసుకుని సముద్రాన్ని చూస్తూ ఒక్కడే కూర్చునేవాడు. ఓడ ఎక్కినవాళ్లలో మూడొంతులు గంగారాం లాంటివాళ్లే. సెలవు అయిపోయేసరికి ఇంకో సెలవు కావాల్సినంత అలసిపోతారు.

వాళ్ల బల్లకు వడ్డించే వెయిటరుది కేరళలో కుట్టనాడు. వరి మాట వచ్చినప్పుడు, తమ ఊళ్లో పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉంటాయని చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే గంగారాం చెంచా పట్టుకున్న చెయ్యి ఆపేశాడు.

"దిగువనా? మరి నీళ్లు పొలంలకు రావా?"

వస్తాయని, చుట్టూ కట్టలు కట్టి మోటార్లతో బయటికి తోడేశాకే నాట్లు వేస్తారని వెయిటరు చెప్పాడు. గంగారాం ఇక వేరే మాట మాట్లాడలేదు. కొచ్చిలో దిగినరోజు ఆ పొలాలు చూడాల్సిందే అన్నాడు.

రేవుల్లో దిగి తిరగడానికి రెండు దారులుంటాయి. ఓడవాళ్లు ఏర్పాటు చేసే బస్సు ఒకటి. అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా మాట్లాడుకునే టాక్సీ రెండోది. అది ఆలస్యమైతే ఓడ ఆగదు. బయలుదేరే సమయం కంటే ముందే ఎక్కే గడువు ముగుస్తుంది, ఆ గడువునే చూసుకోవాలి. కుట్టనాడుకు ఓడ బస్సు లేదు. ఇదంతా గంగారాంకు విడమర్చి చెప్పాను. "ఫికర్ జెయ్యకు, జల్దీ వస్త" అని టాక్సీ ఎక్కాడు. చెల్లెలు అంత దూరం కూర్చోలేనని రేవు దగ్గరే కాస్త తిరిగి వచ్చేసింది. తమ్ముడు ఓడ దిగనే లేదు.

సాయంత్రం ఎక్కే గడువు దాటాక, గ్యాంగ్‌వే దగ్గరికి రమ్మని నాకు కబురు వచ్చింది. ఓడకూ గట్టుకూ మధ్య వేసే నడకదారిని మేం గ్యాంగ్‌వే అంటాం. అక్కడ భద్రతాధికారిదే మాట. ఆయనకు తెలుగు రాదు కనుక నన్ను పిలిచారు. ఓడలోకి రానివాడు ఒక్కడే, గంగారాం. టాక్సీ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఓడ ఆపమని ఫోన్‌లో బతిమాలుతున్నాడు. ఆయనకు తెలుగు తప్ప వేరే భాష రాదు.

ఇలాంటప్పుడు చేసే పని ఒకటుంది. మిగిలిపోయినవాళ్ల గదిలోంచి గుర్తింపు కార్డు, మందులు తీసి రేవులో ఉండే మా ఏజెంటుకు అప్పగిస్తాం. వాళ్లను తర్వాతి రేవుకు చేర్చే దారి ఆయన చూస్తాడు. ఆ ఏజెంటు ఫోన్ నంబరు రోజూ గదికి వచ్చే సమాచార పత్రంలో ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని జేబులో పెట్టుకునేవాళ్లు అరుదు.

సాయమ్మక్క గదికి వెళ్లి అన్న సంచి సర్దుకొచ్చింది. ఆయన షుగరు జబ్బుకు వేసే ఇన్సులిన్ కూడా చిన్న ఫ్రిజ్‌లోంచి తెచ్చింది. పక్కనే విఠల్ వచ్చి నిలబడ్డాడు.

"గీ సూది ఎవలేస్తరు?" అని అడిగాడు నన్ను.

అప్పటిదాకా ఓడలో చెల్లెలు వేస్తోంది, ఇంటి దగ్గర భార్య వేస్తుంది. గంగారాంకు సూదంటే భయం, తనంతట తాను వేసుకోలేడు. ఏజెంటు డాక్టర్ కాదని, ఏదైనా దవాఖానకు తీసుకుపోతాడని చెప్పాను.

"నేను పోతనే" అంది సాయమ్మక్క.

"నువ్వేడికి పోతవక్కా, గుండె ఆపరేషన్ మనిషివి. అవ్వకు చివరి రెండేండ్లు సూది ఏసింది నేనే గద. నాకిచ్చెయ్" అన్నాడు విఠల్. తల్లిని మా వైపు అవ్వ అంటారు.

భద్రతాధికారి గడియారం చూసుకుని, గ్యాంగ్‌వే తీసేస్తున్నామని, లోపల ఉంటారో బయట ఉంటారో ఇప్పుడే తేల్చుకోమని అన్నాడు. దిగితే ఓడ మళ్లీ దొరికేది గోవాలోనే అని నేను హెచ్చరించాను. విఠల్ తన గుర్తింపు కార్డు జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. అన్న సంచి భుజానికి వేసుకుని దిగిపోయాడు. వెనక్కి తిరిగి, "అక్కా, నువ్ టైముకు గోలీలేస్కో" అని మాత్రం అన్నాడు.

తాళ్లు విప్పారు. నేనూ సాయమ్మక్కా పై డెక్‌కు వెళ్లాం. ఇంకా వెలుతురుంది. ఓడకూ గట్టుకూ మధ్య నీళ్లు వెడల్పవుతుండగా టాక్సీ వచ్చి ఆగింది. గంగారాం దిగి, కదిలిపోతున్న ఓడను చూసి అక్కడే నిలబడిపోయాడు. తర్వాత తలతిప్పితే తమ్ముడు కనిపించాడు. ఇద్దరూ కాస్త దూరంలో అలాగే ఉండిపోయారు. ముందు విఠల్ కదిలాడు. ఏమన్నాడో మాకు వినబడలేదు. సంచిలోంచి నీళ్లసీసా తీసి అన్న చేతికిచ్చాడు.

సాయమ్మక్క రెయిలింగ్ పట్టుకుని ఏడ్చింది. నేను కుర్చీ తెచ్చి వేశాను. ఆ పూట కిటికీ పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టాను. సూప్ తప్ప ఏమీ తాకలేదు. ఇంతలో ఏజెంటు నుంచి కబురు వచ్చింది. గోవా వైపు వెళ్లే రైలెక్కించాడు. రిజర్వేషన్ లేదు, జనరల్ డబ్బా.

"ఇద్దరు ఒక్క డబ్బల్నేనా?" అని అడిగింది.

అవునన్నాను. ఆమె సూప్ గిన్నె పక్కకు జరిపింది. "గట్లయితే నాకింత అన్నం పెట్టియ్యి తమ్మీ" అంది.

మర్నాడంతా ఓడ సముద్రం మీదే. ఓడ ఎక్కిన తర్వాత ఆమెను లాక్కుపోయేవాళ్లు లేని మొదటి రోజు అది. ఈత కొలను అంచున కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. ఎవరో గుజరాతీ ఆవిడతో స్నేహం చేసుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దుగూకే దాకా మాట్లాడుకున్నారు. సాయంత్రం టీ తాగుతూ, "సముద్రం ఇయ్యాల్నే జూసిన" అంది.

గోవాలో అన్నాదమ్ములు మాకంటే ముందే చేరి రేవు గేటు దగ్గర కాచుకుని ఉన్నారు. మాసిన గడ్డాలు, ఇద్దరికీ కేరళ తెల్లపంచెలు. హోటల్ డైరెక్టరు అనుమతితో లోపలికి తీసుకున్నాం. ఆ రాత్రి బల్ల దగ్గర జరిగింది ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పారు. రేవులో మొదట ఏమన్నావని నేనే విఠల్‌ని అడిగాను.

"ఏమనాల్నో తెల్వలే. తిన్నవానే అన్న" అన్నాడు. సూదికి ముందు ఆ ప్రశ్న ఎలాగూ అడగాల్సిందే.

రైల్లో తలుపు దగ్గర కూర్చుని గంగారాం తాను చూసిన పొలాల గురించి, వెయిటరు చెప్పినదాన్నీ కలుపుకుని, చెప్పుకుంటూ వచ్చాడట. అక్కడ ఒక రైతు ఒంటరిగా తన మడి సాగు చేసుకోలేడు. కట్ట లోపలి పొలాలవాళ్లంతా కలిసి ఒకే మోటారుతో నీళ్లు తోడాల్సిందే. ఒకడు కాదంటే అందరి మడీ మునుగుతుంది. విఠల్ చాలాసేపు విని, "మరి మన తాన ఒకడు గాదంటె ఇంకొకని మడి ఎండుతది గదనే" అన్నాడట. దానికి అన్న ఏమన్నాడో ఇద్దరూ చెప్పలేదు. గంగారాం తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. ఉప్పు కావాల్సి వచ్చినప్పుడు తమ్ముడి వైపే చెయ్యి చాపాడు.

ఇప్పుడు సాయమ్మక్క దవాఖాన పని మీద బీర్కూర్ బస్సులో బాన్సువాడ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో టీ తాగి వెళుతుంది. అన్నాదమ్ములు ఇద్దరి వంతు నీళ్లూ కలిపి, ముందు చివరి మడికి పారించి, తర్వాత తూము దగ్గరి మడికి వదులుతున్నారట. కొట్లాటలు లేవా అని అడిగాను. "ఎందుకు లేవు, నిన్న గూడ అయింది. గని నోటితోటి కొట్లాడుకుంటుండ్రు గద" అంది.

ఓడ ప్రయాణం గురించి అడిగేవాళ్లకు నేను ఇప్పుడు చెప్పేది తక్కువ. గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. రేవులో అందరూ దిగినప్పుడు ఓడలోనే ఉండిపోతే కొలనూ కుర్చీలూ మీవే. దిగితే మందులు, గుర్తింపు కార్డు, ఏజెంటు నంబరు మీ వెంటే ఉండాలి. ఒక రోజంతా ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. ఇంతకుముందు ఇక్కడితో ఆపి, ఏ మార్గం బాగుంటుందో చెప్పేవాణ్ణి. ఆ పోస్టింగు తర్వాత ముందుగా ఇంకో ప్రశ్న అడగడం అలవాటైంది, వెంట ఎవరెవరు వస్తున్నారని. ఆ జవాబు విన్నాకే మార్గం సంగతి చెబుతాను.