మిరపవైపు ఖాళీ

గుంటూరు ఎగుమతి కంపెనీలో మా కంప్యూటరు చూసే ఆవిడ మంగళగిరి నేతవాళ్ల అమ్మాయి. మూడు డిస్కుల్ని ఒకటిగా కట్టి, పత్తి లెక్కలకింత, మిరపకింత అని చోటు పంచింది. పత్తివైపు నిండగానే మేనేజరుగారు కేకేశారు.

“మిరపవైపు ఖాళీయేగా! గోడౌన్లో బేళ్లు సర్దినట్టు కొన్ని అటు సర్దమ్మా.”

“మగ్గమెక్కాక చీర పన్నా పెంచలేం కదండీ, ఇదీ అంతే. అన్నీ టేపుకెక్కించి, డిస్కులు చెరిపేసి, మళ్లీ మొదట్నుంచి పంచాల్సిందే.”

టేపు పాడైతే అంతా పోయినట్టే. అందుకే ప్రతిసారీ చెరిపేముందు, బిడ్డకు జ్వరం చూసినట్టు, డిస్కుల పెట్టెమీద అరచెయ్యి ఆనించేది. లెక్కలన్నీ తిరిగి ఎక్కేదాకా ఆవిడా నేనూ కిటికీ దగ్గర కబుర్లలో పడేవాళ్లం. మళ్లీ ఏదో ఒకవైపు ఎప్పుడు నిండుతుందా అని ఎదురుచూసేవాణ్ణి.

ఇప్పుడు మీట నొక్కితే చోటు పెరుగుతుంది. కుర్చీ కిటికీవైపు జరుపుకునేలోపే అయిపోతుంది.