భుజం వెనుక నుంచి పాఠం

మొన్న బేస్తారం పొద్దుగాల మా గౌలిపుర గల్లీ కుట్టు టీచరమ్మ కన్నుమూసింది. సంగతి నాకు ఫోన్‌ల తెలిసింది. ఆన్‌లైన్ పాఠాల గ్రూపుల ఆమె బిడ్డ రెండు ముక్కలు రాసింది. సరిగ చదవకుంటనే ఎవరో దాని కింద, "ఓకే మేడం, మరి చేతులు కుట్టే పాఠం ఎప్పుడు?" అని అడిగిన్రు. టీచరమ్మ ఉంటే దానికి గూడ జవాబిచ్చేది. అడిగినోళ్లను ఆగబెట్టుడు ఆమెకు చేతగాదు.

నేను కరెంటు స్తంభాలెక్కి దిగి రిటైరైన మనిషిని. బడి చదువు ఏడో తరగతికే ఆగింది. మిగిలిందంత బజ్జీల పొట్లాలు విప్పి చదువుకున్నదే, అందుకే సగం కథలకు ముగింపు నాకు తెల్వది. గిదెందుకు చెప్తున్ననంటే, టీచరమ్మ పాఠాలకు ఫోన్ పట్టింది నేనే. ఆమెకు చేతులు ఖాళీ ఉండకపోయేది, నాకు ఖాళీ తప్ప ఇంకేం లేకపోయేది.

టీచరమ్మ ముప్పై ఏండ్లు తన ఇంటి ముందర్రల కూసోని జాకెట్లు కుట్టుడు నేర్పింది. ఎవరైనా సరే, ముందుగాల పాత పేపరు మీద కత్తిరించాలె, బట్ట తర్వాత. ఆ పేపర్ల మీద వార్తలు చదువుకుంట నేను కూసుంటే కసిరేది: "అన్నా, అది మెడ. వదులు, చిరుగుతది."

దూరం పోయినోళ్లు, బస్సెక్కలేనోళ్లు ఫోన్‌ల చెప్పుమని పట్టువడితే మొదటి పాఠం గంటసేపు తీసినం. ఒక్కరు గూడ చివరిదాక చూడలే. నేనైతే వాళ్లను తిట్టుకున్న. ఆమె మాత్రం ఒక్కొక్కరికి ఫోన్ చేసి, ఏడ ఆపిన్రు, ఎందుకాపిన్రు అని అడిగింది. "కుక్కర్ సీటీ వేసింది టీచరమ్మా, లేచిన" అన్నరు శానామంది. ఆ దినం నుంచి పాఠం మూడు సీటీలు దాటొద్దని కానూన్ పెట్టింది. "వాళ్ల పొయ్యి చూసి నేను పాఠం చెప్పాలె గని, నా పాఠం కోసం పొయ్యి ఆర్పుమంటమా?" అన్నది.

అసలు లొల్లి సైదాబాద్ శిష్యురాలితోని వచ్చింది. ఆమె పెనిమిటి కాలు విరిగి మంచంల ఉన్నడు, ఇల్లు ఆమె మీదనే పడ్డది. పత్తర్‌గట్టిల ఒక సేటు, నమూనా జాకెట్ బాగుంటే ఇంటికే కుట్టుపని ఇస్తనన్నడు. మా పాఠాలు చూసుకుంట కుట్టి తీస్కపోయింది. సేటు ఒక్కసారి తిరగేసి మళ్ల ఆమె చేతిల పెట్టిండంట: "అమ్మా, హుక్కులు ఉల్టా ఉన్నయి. గిరాకులు నన్ను దుకాణంల నిలవనిస్తరా?"

"పోరికి ధ్యాస లేదు. చూపించింది చూపించినట్టు చేస్తలేదు" అన్న నేను. టీచరమ్మ ఆటో పిలిచింది. తొవ్వల నేను చిన్నప్పుడు రేడియో రిపేరు ఎట్ల నేర్చుకున్ననో మొదలువెట్టిన. "ఆ రేడియో దిగినంక విప్పు అన్నా" అన్నది.

సైదాబాద్‌ల శిష్యురాలిని ఫోన్ పెట్టుకోని పేపరు మీద మళ్ల చెయ్యమన్నది. తాను వెనక నిలవడి చూసింది. పది నిమిషాలైనంక నన్ను పిలిచింది.

"అన్నా, పిల్ల చూపించింది చూపించినట్టే చేస్తున్నది. గదే కొంప ముంచింది."

టీచరమ్మ ఇంటి అర్రల అందరు ఆమె పక్కన, వెనక నిలవడి నేర్చుకున్నోళ్లే. నేనేమో ఫోటోగ్రాఫరు లెక్క ఎదురుంగ కూసోని తీసిన. ఆమె కుడి చెయ్యి ఫోన్‌ల ఎడమకు వచ్చింది. పిల్ల అట్లనే కుట్టింది.

మర్నాడు టీచరమ్మ పత్తర్‌గట్టి పోయి, "సేట్, గలతీ నాది, పిల్ల తప్పేం లేదు. ఇంకొక్కటి చూడున్రి" అన్నది. సోమవారం దాక గడువిచ్చిండు.

"నువ్వే పోయి దగ్గర కూసోని కుట్టిపియ్యి, అయిపోతది" అన్న.

"ఈమెకు కుట్టిపిస్త. మిగిలినోళ్ల ఇండ్లకు ఎవరు పోతరు, నువ్వా?"

ఆ పాఠం మళ్ల తీసినం. నన్ను వెనక స్టూలెక్కిచ్చి, ఫోన్ తన భుజం మీదికెళ్లి పట్టుమన్నది. ముఖం లేదు, చేతులే. ఒక్కో పని చూపించినంక కత్తెర కిందపెట్టి, చేతులు పేపరు మీద ఆనించి ఊకె ఉంటది. నాకు చేతులు గుంజుతున్నయి.

"ఏం జరుగుతలేదు గద, ఈ ముక్క తీసేద్దమా?"

"ఉండనియ్యి. అవుతల ఆమె కత్తిరిస్తున్నది."

శిష్యురాలు ఆ పాఠం ఒక్కటి చూసి, ఎవ్వరిని అడగకుంట కుట్టింది. సోమవారం సేటు హుక్కులు పెట్టి చూసిండు, తీసి చూసిండు. మెచ్చుకోలే. లోపలికి పోయి బట్టల మూట తెచ్చి ఆమె ముందల పెట్టిండు. టీచరమ్మ మాత్రం ఆ వారమంత కూసోని పాత పాఠాలన్ని మళ్ల తీయించింది. నా నడుము ఆ స్టూలును ఇంక మరువలే.

నాకు ఆమె ఒక్క కుట్టు గూడ నేర్పలే. గని ఎవరన్న తొవ్వ అడిగితే, ఇప్పుడు ఎదురుంగ నిలవడి చెయ్యి ఊపుతలేను. వాళ్ల పక్కకు పోయి, వాళ్లు చూస్తున్న దిక్కే చూసి చెప్తున్న. ఈ వయసుల నాకు దొరికిన చదువు అది.

నిన్న సైదాబాద్ పోయిన. శిష్యురాలు మిషన్ మీద ఉన్నది, పని ఆపలే, కండ్లు మాత్రం ఎర్రగున్నయి. పక్కింటామె ఒకతి కొత్తగ నేర్చుకుంటున్నది. గోడకు ఆనించిన ఫోన్‌ల టీచరమ్మ రెండు చేతులు పేపరు మీద కదలకుంట ఉన్నయి. పక్కింటామె కత్తెర కోసం ఇంక చాప కింద వెతుకుతనే ఉన్నది.