ఉప్పు జమేదారు పింఛను

మొన్న బ్యాంకులో ఒక అమ్మాయి నా ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకుని, "ఒకసారి కళ్ళార్పండమ్మా, మీరు బతికే ఉండారని దానికి తెలియాల" అంది. టీచరుగా రిటైరయినప్పటి నుంచి ఏటా ఇలా బతికున్నానని రుజువు చూపిస్తేనే నాకు పింఛను. బుద్ధిగా కళ్ళార్పాను గానీ, మా తాత గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను.

తాత సముద్రపొడ్డున సర్కారు ఉప్పు కొఠార్లలో కాపలావాళ్ళ మీద జమేదారు. తెల్లదొరల కొలువు. ఖాకీ కోటు, దానికి రాజుగారి కిరీటం ఉన్న ఇత్తడి గుండీలు. వాటిని చింతపండుతో తోమే పని మా అవ్వది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో సముద్రపు నీళ్ళు కాచిన వాళ్ళ కుండలు పగలగొట్టించింది కూడా ఆయనే. ఆయన రిటైరయిన కొద్దికాలానికే దొరలు దేశం వదిలారు. ఊరంతా బెల్లం పంచుకుంటుంటే తాత ఇంటి వెనక పశువుల కొట్టంలో కూర్చున్నాడు. పింఛనిచ్చే రాజు పోయాడు, ఇక రాజ్యం తను కుండలు పగలగొట్టించిన వాళ్ళది. మాకు సెంటు భూమి లేదు. ఇంటిల్లిపాదీ తినేది ఆ పింఛను మీదే.

అంతలో ఆయన పైదొరకు స్వదేశం పోతున్నందుకు నష్టపరిహారం కూడా ఇచ్చారని ఎవరో చెప్పారు. తాతకు ఒళ్ళు మండింది. "మరి నాకేందీ?" అన్నాడు.

"ఆయన దేశం ఇడిసి పోతా ఉండాడు, ఇచ్చినారు. నువ్వు యాడికి పోతావు, కొట్టంలోకా?" అంది అవ్వ.

నెల మొదట్లో నెల్లూరు ఖజానాకు పోయి పింఛను తెచ్చుకోవాలి. తాత పోలేదు. కనబడితే రాజుగారి మనిషని పట్టుకుంటారని భయం. మరుసటి నెలా అంతే. అవ్వ కమ్మలు కుదువకు పోయాయి, మా కంచాల్లోకి పల్చటి గంజి వచ్చింది. అప్పుడొక రోజు ఖజానాలో పనిచేసే బంట్రోతు, పక్క ఊరివాడే, ముఖం వేలాడేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"జమేదారుగారు ఎప్పుడు పొయ్యినారమ్మా? ఠంచనుగా వచ్చే మనిషి రాలేదే, కనుక్కోని రమ్మన్నాడు మా గుమాస్తా."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పోలా నాయనా, ఆడ దాక్కోనుండాడు" అని కొట్టం వైపు చూపించింది.

తాత ఒంటి మీది గడ్డి దులుపుకుంటూ వచ్చాడు. "రాజు పొయ్యినాడు గదా, ఇంకా పింఛను యాడిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు చేసిన నౌకరీ యాడికీ పోలేదు గదా సామీ. పాతోళ్ళకంతా కొత్త సర్కారే ఇస్తా ఉంది. మీది అట్నే ఉంది, వచ్చి తీసుకోండి."

తాత అరుగు మీద చతికిలబడి భోరుమన్నాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. అయినా భయం వెయ్యలేదు, ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు హాయిగా అనిపించింది. బంట్రోతును అన్నం తినకుండా అవ్వ కదలనివ్వలేదు. పక్కింట్లో చేపలు బదులడిగి మరీ పులుసు పెట్టింది.

దేశానికి స్వాతంత్ర్యం ఏ రోజు వచ్చిందో ఏళ్ళ తరబడి బడిలో పిల్లలకు పాఠం చెప్పాను గానీ, మా ఇంటికి మాత్రం అది కాస్త ఆలస్యంగా, ఆ బంట్రోతు వెంట నడుచుకుంటూ వచ్చింది.