మా అమ్మ అడవిపిల్లిని పట్టిన పొద్దు

మొన్న కోరుట్ల అంగట్ల ఇనుప బోను కనవడంగనే, రుద్రంగిల మా ఇంటెనుక కోళ్ల గూడు వాసన ముక్కుకు తగిలినట్టయింది. నాకింక యాదికుంది, చిన్నప్పుడు పొద్దుగాల లేవంగనే గూటికాడ ఈకలు చూసి ఏడ్సుడు.

అడవిపిల్లి ఒక్క వారంల నాలుగు కోళ్లను ఎత్తుకపోయింది. నాయిన దుబాయిల ఉండె. "రాజవ్వా, కోళ్లన్ని అమ్మెయ్. ఒక్కదానివి ఏం జేస్తవ్?" అన్నడు పెదనాయిన. అమ్మ పాత చెక్క పెట్టెకు జారే తలుపు పెట్టి, లోపల ఎండుచేపను తాడుకు కట్టింది. చేపను గుంజితే తలుపు పడాలె. రెండు రోజులు ఏం పడలే. మూడో పొద్దున పెట్టె దడదడ కొట్టుకుంటుంది!

వాడోళ్లంత కట్టెలు వట్టుకొని ఉరికొచ్చిండ్రు. అమ్మ చెక్క సందులకెళ్లి చూసి, పెట్టెకు అడ్డం నిలవడ్డది.

"పాలిచ్చే తల్లి బావా ఇది. గుట్టమీద పిల్లలుంటయి. కొట్టద్దు."

పెదనాయిన కట్టె కింద వడేసిండు. పెట్టెను తనే నెత్తికెత్తుకొని గుట్టకాడ ఇడిసొచ్చిండు. ఆ మాపే అమ్మ గూటికి గట్టి రేకు తలుపు వెట్టింది. మళ్ల ఒక్క కోడి పోలే.

బడిల నేను అందరికి ఒక్కటే చెప్పిన: "పట్టింది మా అమ్మనే, ఇడిపిచ్చింది మా అమ్మనే!"