గుడ్డు లోపలి పొర

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పళ్ల క్లినిక్ ఊడ్చే అక్క. జగిత్యాల వైపు మనిషి. టీ కప్పులు కడుగుతూ, నా ముఖం చూడకుండానే చెప్పింది: "రేపటి ముక్కు కేసులో, డాక్టరు పక్కన కొత్త పిల్ల నిలబడ్తదట. నిన్ను లైటు పట్టుమన్నడు."

దుబాయ్ దగ్గరి ఈ రాస్ అల్ ఖైమాలో పేషెంటు కుర్చీ పక్కన నాలుగేళ్లు నిలబడ్డదాన్ని నేను. బడి మొహం చూడకుండా, అమ్మ దగ్గర బైబిలు చదువుతూ అక్షరాలు నేర్చుకుని, ప్రైవేటుగా పది కట్టి, ఇంత దూరం వచ్చానంటే దేవుని కృప. రోజూ స్తోత్రం చెప్పుకునేదాన్ని. ఆ రోజు నోరు రాలేదు.

పై దవడ ఎముక పలచబడిన వాళ్లకు ఇంప్లాంటు పన్ను వేయాలంటే, దవడ పక్కన చిన్న కిటికీ కోసి, ముక్కు పక్కనుండే గాలి గది, సైనస్, అడుగున ఉండే పొరను మెల్లగా పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపుతారు. పొర చిరిగిందేమో చూసుకోకపోతే పొడి సైనస్‌లోకి పోయి చీము పడుతుంది. పొర మీద కన్ను వేసి ఉంచడమే పక్కనున్న మనిషి పని. అందుకోసం డాక్టరు మా చేత పచ్చి గుడ్ల మీద సాధన చేయించేవాడు. పెంకు గీకాలి, లోపలి పొర చిట్లకూడదు. ప్రార్థన చేసి మొదలుపెట్టినా నా గుడ్లు సొన కారేవి. సాయంత్రం ఫ్లాటులో పొరటు చేసుకునేవాళ్లం. భీమవరంలో కాలేజీ చదివి వచ్చిన ఆ కొత్త పిల్ల మూడో గుడ్డుకే పొర నిలిపింది. డాక్టరు ఆ గుడ్డును గాజు గ్లాసులో పెట్టి తన బల్ల మీద ఉంచాడు. ఆ బల్ల తుడిచేది నేనే.

మర్నాటి పేషెంటు క్వారీలో లారీ నడిపే పఠాన్ పెద్దాయన. పొర లేపాక డాక్టరు కిటికీలో సెలైన్ నింపి, ముక్కు మూసుకుని మెల్లగా ఊదమని ఉర్దూలో చెప్పాడు. బుడగ లేస్తే పొర చిరిగినట్టు. నా లైటు కింద ఆవగింజంత బుడగ లేచింది. ఆ పిల్ల అప్పుడు సక్షన్ గొట్టం సర్దుతోంది.

నేను చెప్పలేదు. తను చూడకుండా పోవాలని, అందరి ముందూ డాక్టరు తనను కసురుకోవాలని కోరుకున్నాను. డాక్టరు పొడి గిన్నె అందుకున్నాడు. పెద్దాయన మోచేయి నా నడుముకు ఆనుకుని ఉంది.

"సార్, ఆగండి. ఇంకొక్కసారి ఊదమనండి," అంది ఆ పిల్ల.

మళ్లీ బుడగ. చిరుగు చిన్నదే, దాని మీద అతుకు వేసి, అప్పుడు పొడి నింపాడు. పెద్దాయన చల్లగా ఇంటికి వెళ్లాడు.

సింకు దగ్గర నేను పనిముట్లు కడుగుతుంటే ఆ పిల్ల వచ్చి అడిగింది. "అక్కా, మీరు ముందే చూశారు కదండీ?" నేను కుళాయి ఇంకాస్త తిప్పాను. "మీ లైటు వణికిందండి. అందుకే మళ్లీ ఊదమన్నాను."

డాక్టరుతో మాత్రం, అక్క లైటు బాగా పట్టింది కాబట్టే బుడగ కనపడిందని చెప్పిందట. అది విని మరింత మండింది నాకు. ఇప్పటికీ ఆ పిల్ల వేళ్లు చూస్తే అసూయే. నేను నోరు మూసుకున్నా నా చేతిని వణికించిన దేవునికి స్తోత్రం. ఇది చదివినవారు ప్రార్థనలో నన్ను కాదు, ఆ పిల్లను తలుచుకోండి.