నేను చదివిన కబురు

ఇండోనేషియా భాష నేర్చుకోవాలని నేనేనాడూ కలగనలేదు. డిగ్రీ థర్డ్ క్లాసులో గట్టెక్కాను, ఎం.ఏ. సీటు ఎక్కడా రాలేదు. అరవైల చివర్లో సంగతి. విశ్వవిద్యాలయం నోటీసు బోర్డు మీద ఏడాది డిప్లొమా ఒకటి కనబడింది. ఆ దేశపు భాష, ఆచారాలు, చివర్లో ఓడ మీద వెళ్లి నెలన్నర అక్కడే ఉండి చదువుకోవడం. దరఖాస్తు పెట్టింది తొమ్మిదిమందిమి, తొమ్మిదిమందినీ తీసుకున్నారు. నరసన్నపేట దగ్గర మా ఊరొచ్చి ఈ సంగతి చెబితే మా నాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ బాస నేర్సుకుని ఎవలితో మాట్లాడతావురా? మనెడ్లతోనా?" అన్నాడు.

మా మేష్టారు జావాలో చాలా ఏళ్లుండి వచ్చిన పెద్దాయన. మొదటిరోజే బోర్డు నిండా మాటలు రాశారు. భాషని బహాస అంటారు, భూమిని బుమి, మొగుణ్ణి సుఆమి, పెళ్లాన్ని ఇస్త్రి. కుశలం అడగాలంటే "అపా కబర్" అనాలి, అంటే ఏం కబురు అని. వాళ్లు లేదు అని మొహం మీద అనరట. పెళ్లయిందా అని ముసలి బ్రహ్మచారిని అడిగినా "బెలుమ్" అంటాడట, ఇంకా లేదు అని. "సగం మాటలు మీ ఇంట్లోవే, మిగతా సగం నేను చెబుతాను" అన్నారాయన. ఆ మిగతా సగం వినకముందే నాకు భాషంతా వచ్చేసిందనిపించింది. అంత పొగరు నాది. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక మా అత్త. మా నాన్నకి అప్ప, అంటే అక్క, మా ఊళ్లోనే ఇచ్చారు. పెళ్లయిన రెండేళ్లకి మావ రంగం వెళ్లాడు. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు, ఆ రోజుల్లో ఇంటికొకడు రంగం పోయినవాడే. యుద్ధం వచ్చి అక్కడ బాంబులు పడ్డప్పుడు కొందరు అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చారు, కొందరు దారిలోనే పోయారు. మావ అటూ లేడు, ఇటూ లేడు. చాన్నాళ్లకి, సుమత్రాలో పొగాకు తోటలో ఉన్నానని ఒక్క ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత అదీ లేదు.

అత్త రోజూ బొట్టు పెట్టుకునేది, మట్టిగాజులు వేసుకునేది. కానీ పేరంటాలకి ఆమెని పిలిచీ పిలవనట్టు పిలిచేవారు. వెళ్తే వెనకవరసలో కూర్చోబెట్టేవారు. మొగుడున్నాడో లేడో తెలియని మనిషి చేత శుభకార్యంలో ఏ పని చేయించాలో ఎవరికీ తెలిసేది కాదు. ఏళ్ల తరబడి అయిపూ అజా లేనివాడికి దర్భలతో బొమ్మ చేసి, తగలబెట్టి, కర్మ జరిపించేసే ఆచారం ఒకటుంది. నేను డిప్లొమాలో చేరిన ఏడాది, అత్త మరిదికి మాఘంలో కూతురి పెళ్లి చెయ్యాలని ఉంది. దానికి ముందే ఈ సంగతి తేల్చెయ్యాలని పెద్దలు కార్తీకంలో రోజు పెట్టేశారు. బొమ్మతో పాటు అత్త బొట్టూ గాజులూ పోవాలి.

"మనిసి సచ్చేడంటే ఏడుస్తాను. గడ్డిబొమ్మని తగలెట్టి ఏడవమంటే నాకేడుపెలాగొస్తాదిరా?" అని అడిగింది నన్ను.

సరిగ్గా దసరా సెలవులకి నేను ఇంట్లో ఉండగా అత్త పేరిట ఉత్తరం వచ్చింది. విదేశీ తపాలా బిళ్లలు, ఇంగ్లీషు అక్షరాలు, అర్థంకాని మాటలు. పోస్టుమాన్ దాన్ని తిన్నగా నా చేతికే ఇచ్చాడు. అత్త ఇంటి అరుగు నిండా జనం. అందరికీ వినబడేలా గొంతు సవరించుకుని చదివాను.

"బాపక్ సుదా మెనింగల్ దునియా."

బాపక్ అంటే నాన్న. తింగల్ అంటే ఉండడం, మీరెక్కడ ఉంటారు అనే మొదటి పాఠంలోనే వచ్చింది. మెనింగల్ దానికే ఇంకో రూపం అయ్యుంటుంది. దునియా ఎవరికి తెలియదు? నాన్న ఈ లోకంలోనే ఉన్నాడు! తర్వాతి వాక్యంలో కుబుర్ అనీ, నది ఒడ్డు అనీ ఉంది. కబర్ అనే మాటలో ఇంకు అలుక్కుపోయి అలా కనబడుతోందనుకున్నాను. కబురే గదా, మనకి తెలియని కబురా!

"మావ బతికే ఉన్నాడు. నది ఒడ్డున ఉన్నాడని కబురు. ఇది రాసింది మావ కొడుకు," అన్నాను.

కొడుకు అనగానే అత్త మొహం పాలిపోయింది. "పాతికేళ్లు. ఒండిపెట్టే మనిసుండాల గదా," అని గొణుక్కుంది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. "ఉన్నాడు. అది సాలురా అల్లుడా. నీ నోట్లో పంచదార పొయ్య!"

కార్తీకంలో పెట్టిన రోజు రద్దయిపోయింది. మా ఇంట్లో నాకు కోడి కోశారు. ఎడ్లతో మాట్లాడతావా అన్న మా నాన్నే, మా వాడు సదివేడు కాబట్టి సరిపోయింది అని ఊరంతా చెప్పుకొచ్చాడు. అత్త తరఫున జవాబు కూడా నేనే రాశాను, నాన్నని తొందరగా పంపించండి అని. తప్పుల్లేకుండా రాశానని మురిసిపోయాను కూడా.

పుష్యమాసంలో ఒకరోజు మేష్టారు జావా పత్రికొకటి తెచ్చి అందులోంచి చదివించారు. ఎవరో పెద్దమనిషి పోయిన వార్త. అందులో ఉంది, మెనింగల్ దునియా.

"లోకం విడిచారు అని. అచ్చం మన మాటే చూడండి. తింగల్ అంటే ఉండడం, మెనింగల్ అంటే వదిలిపోవడం. దీని దగ్గర అందరూ బోల్తా పడతారు," అన్నారు.

"మరి కుబుర్?" అన్నాను.

"గోరీ. కబురనుకున్నావా ఏమిటి?"

క్లాసంతా నవ్వింది.

మర్నాడే బస్సెక్కి ఊరొచ్చాను, చెప్పేద్దామనే వచ్చాను. అత్త ఇంటికి సున్నం వేయించుకుంది. మరిది కూతురి పెళ్లికి నల్లపూసలు గుచ్చుతోంది. ఆ పిల్లకి మొదటి పసుపు పెద్దమ్మ చేతే రాయించాలని ఇంట్లో అనుకున్నారట, ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది. ఇన్నేళ్లలో ఆమెని ముందువరసకి పిలవడం అదే మొదలు. నేను మంచినీళ్లు తాగి లేచి వచ్చేశాను. నాన్నకి మాత్రం చెప్పాను.

ఆయన వీధి తలుపు దగ్గరగా వేశాడు. "మా యప్ప నవ్వతన్నాదిరా. ఇప్పుడెల్లి గాజులు పగలగొడతావేటి? పెళ్లవనీ. నోరుమూసుకో," అన్నాడు.

మూసుకున్నాను. నాన్న చెప్పాడు కాబట్టి అని చాలా ఏళ్లు సమాధానం చెప్పుకున్నాను గాని, అది ఉత్తమాట. నా గొప్ప పోతుందని భయం, అంతే. మాఘంలో పెళ్లికి నేనూ వెళ్లాను. ముత్తయిదువుల్లో అందరికంటే ముందు అత్త లేచి, ఆ పిల్ల బుగ్గలకి పసుపు రాసింది. నేను పందిట్లో నిలబడి చూశాను, ఛీ, తర్వాత భోజనం కూడా చేశాను.

వేసవిలో మా ప్రయాణం. అత్త ఒక మూట కట్టి ఇచ్చింది. కొత్త పంచె, తాటితాండ్ర. "మావకి తాండ్రంటే పేనం. తినిపించి, నీ కూడా తీసుకురా," అంది. సరేనని ఓడెక్కాను. జావాకి పోయే దారిలో మా ఓడ సుమత్రా రేవులో రెండు రోజులు ఆగింది. మేష్టారి అనుమతి తీసుకుని ఉత్తరం మీది చిరునామా పట్టుకుని వెళ్లాను. తలుపు తీసిన మనిషి నుదురు, చెవులు అచ్చం మా ఊళ్లో మావ తమ్ముడివే.

అతను నన్ను నది ఒడ్డుకి తీసుకెళ్లాడు. మట్టి దిబ్బ, చెక్క పలక, చుట్టూ గడ్డి. జేబులోంచి నేను రాసిన జవాబు తీశాడు.

"నాన్నని పంపించండి అని ఎందుకు రాసింది ఆమె? మా అమ్మ ఇది విని, పాపం ఆమెకి మతి పోయిందని ఏడ్చింది. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాం," అన్నాడు.

రాసింది నేనని, తప్పు చదివింది కూడా నేనని చెప్పాను. అతను కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. "ఇప్పుడు ఆమెకి తెలుసా?" అని అడిగాడు.

"బెలుమ్," అన్నాను.

మేష్టారు నేర్పిన మాటల్లో అదొక్కటే సరిగ్గా వాడాను. పంచె అతని చేతిలో పెట్టి, తాండ్ర ముక్క తుంచి ఆ మట్టి మీద ఉంచాను. ఆ తర్వాత నెలన్నర జావాలో తోలుబొమ్మలు చూశాను, గుడులు చూశాను, పరీక్ష రాశాను. ఏదీ మనసులో నిలవలేదు.

తిరిగొచ్చిన రోజే అత్త దగ్గరికి వెళ్లాను. చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసింది.

"మావ లేడత్తా. గోరీ సూసొచ్చేను. ఆ ఉత్తరంలో ఉన్నదీ అదే. నేనే తప్పు సదివేను."

చేట ఆగలేదు. కాసేపటికి, "తప్పని నీకెప్పుడు తెలిసింది?" అంది.

అక్కడికెళ్లాకే తెలిసిందని అనొచ్చు. నాలిక దాకా వచ్చింది. "పుష్యంలో," అన్నాను.

అప్పుడు ఆగింది చేట.

"పెళ్లి మాఘంలో గదా," అంది నెమ్మదిగా. "మొగుడు సచ్చినందుకు నేనేడవనొరే. పాతికేళ్లేడిసేను. తెలిసి తెలిసి నా సేత ఆ పిల్లకి పసుపు రాయించేవు గదరా! ఆ నల్లపూసలు నేను గుచ్చేను గదరా!"

"అలాటి దోషాలేం ఉండవత్తా," అన్నాను.

"నీకుండవు. నాకుంటాయి."

పెట్టెలోంచి ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడు సరిగ్గా సదువు," అంది. నాన్నగారు లోకం విడిచారు, ఆయన సమాధి నది ఒడ్డున ఉంది, అని చదివాను. పోయిన రోజు కూడా అందులోనే ఉంది, మొదటిసారి దాన్ని ఉత్తరం రాసిన తేదీ అనుకున్నాను. ఆమె ఆ తేదీని నోట్లో నోట్లోనే రెండుసార్లు అనుకుంది.

"ఎప్పుడు పోనాడో ఎవలికీ సెప్పకు. పెళ్లయ్యాక పోనాడని సెప్పు. ఆ పిల్ల ఇంటే బెంగెట్టుకుంటాది," అంది. పెరట్లోకి వెళ్లి, ఎవరూ వచ్చి చెయ్యకముందే, రుబ్బురోలు మీద తన గాజులు తనే కొట్టుకుంది.

కర్మకి పంతులు తిథి అడిగితే అత్త చెప్పిన తిథి అబద్ధపుది. ఏటా ఆ తప్పు రోజునే మరిది తద్దినం పెట్టేవాడు. అసలు రోజున అత్త పొయ్యి వెలిగించేది కాదు, ఒంట్లో బాగోలేదనేది. నాతో మాట్లాడడం మానలేదు గాని, ఇంకెప్పుడూ నా చేత ఏ కాగితమూ చదివించుకోలేదు. రేషను కార్డు కూడా పక్కింటివాళ్ల దగ్గరికి పట్టుకెళ్లేది.

ఆ పెళ్లికూతురు మరుసటేడు పురిటికి పుట్టింటికొచ్చింది. బిడ్డని చూడ్డానికి నేను వెళ్లినప్పుడు అత్త అరుగు చివర దూరంగా కూర్చుని ఉంది. పిల్ల నవ్వుతూ బిడ్డని తెచ్చి ఆమె మీదికి వంగింది.

"పెద్దమ్మా, ఒక్కసారెత్తుకోవే."

అత్త రెండు చేతులూ పైటచెంగులో దాచేసుకుంది.

"సేతులు తడిగున్నాయమ్మా," అంది, నా వైపు చూసి. అవి పొడిగానే ఉన్నాయి.